గుర్రం మీద కూర్చోబెడితే సరిపోదు: ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు థెరపీ స్వారీ ఎలా పనిచేస్తుంది

మీరు అడిగింది ఇది. పాపకు ఆరేళ్లు, 18 కిలోలు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు, పట్టు కుదరని స్థితి), అందులో స్పాస్టిక్ డైప్లీజియా, అంటే ముఖ్యంగా రెండు కాళ్ల కండరాలు బిగుసుకుపోయే రకం. నిలబెడితే కాళ్లు కత్తెరలా పడతాయి, చేతులు ఆనించకుండా కూర్చోలేదు. గుర్రపు స్వారీతో నడక వస్తుందని ఎవరో చెప్పారు. నిజమేనా, ఎన్ని క్లాసులు పడుతుంది, పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పే మనిషి ఉంటే సరిపోతుందా అన్నారు. ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల మేనల్లుడికి కూడా పనికొస్తుందా అని చివర్లో అడిగారు.

సూటిగా చెప్తాను. గుర్రం మీ పాపకు నడక నేర్పదు. నడవడానికి ముందు ఒంటికి రావలసిన కొన్నింటిని మాత్రం చాలా బాగా సాధన చేయిస్తుంది. చేతులు ఆనించకుండా కూర్చోవడం, ఒరిగినప్పుడు తనంతట తాను నిలదొక్కుకోవడం, తొడలు ఎడంగా ఉంచగలగడం, మెడ నిలపడం. ఫిజియోథెరపీ మానేసి దీనికి వెళ్లొద్దు, దానికి తోడుగా వెళ్లండి. ఇన్ని క్లాసుల్లో నడిపిస్తామని మాటిచ్చే చోటికి అసలే వెళ్లొద్దు.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే, ఏది అక్కర్లేదో మీకే తెలుస్తుంది. గుర్రం మామూలుగా నడిచేటప్పుడు నాలుగు డెక్కలూ ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా నేలను తాకుతాయి. వెనక ఎడమకాలు ముందుకు వేసేటప్పుడు వీపు ఎడమ పక్క కాస్త దిగుతుంది, పొట్ట కుడివైపుకు ఊగుతుంది. దాంతో మీద కూర్చున్న పిల్ల ఎడమ పిరుదు కిందికి దిగి, కొంచెం ముందుకు జరుగుతుంది. తర్వాతి అడుగుకు కుడి పిరుదు. ఇలా కటి (నడుము కింది ఎముకల గూడు) ముందుకూ వెనక్కూ వాలుతుంది, పక్కలకు ఒరుగుతుంది, కొద్దిగా మెలి తిరుగుతుంది. మనం నడిచేటప్పుడు మన కటి చేసే పనీ దాదాపు ఇదే. కాళ్ల మీద బరువు మోపలేని పిల్లకు కూడా నడకలోని ఈ పై సగం ఒంటికి అందుతుంది. గుర్రం వెనక కాళ్లు రెండూ కలిపి నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తాయి. 20 నిమిషాలకు దాదాపు 2,000 సార్లు మొండెం సర్దుకోవాలి. లయ ఒకటే, కానీ ఏ అడుగూ ముందటి అడుగులా అచ్చుగుద్దినట్టు ఉండదు. బంతి మీద కూర్చోబెట్టి చేతులతో ఇన్నిసార్లు ఇలా కదపడం ఎంత ఓపిక ఉన్న థెరపిస్టుకైనా సాధ్యం కాదు.

కూర్చునే తీరు కూడా ముఖ్యమే. తుంటి దగ్గర వంగి, తొడలు ఎడంగా, కొద్దిగా బయటికి తిరిగి ఉండే ఆ భంగిమ కత్తెర బిగువుకు సరిగ్గా ఎదురు. గుర్రం ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది కాబట్టి, పలుచటి మెత్త మీద కూర్చుంటే ఆ వెచ్చదనం తొడలకు తగులుతుంది. అయితే కాళ్లు ఎడం చేసి కూర్చోబెట్టడం ఒక్కటే చాలదు. 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో స్పాస్టిక్ సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల్లో కొందరిని 8 నిమిషాలు నడిచే గుర్రం మీద, మిగతావాళ్లను అంతేసేపు కదలని పీపా మీద కూర్చోబెట్టారు. కుడి ఎడమ కండరాల పని సమానం వైపు జరగడం గుర్రమెక్కినవాళ్లలోనే బాగా కనబడింది. పనిచేసింది కదలిక. అందుకే పరుగులు, దౌడు మీ పాపకు అక్కర్లేదు. మంచి నడక ఉన్న గుర్రం, దాన్ని ఆపడం, మళ్లీ కదిలించడం, మలుపు తిప్పడం తెలిసిన మనుషులు కావాలి.

ఇందులో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. హిప్పోథెరపీ అంటే ఫిజియోథెరపిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవాళ్లు), స్పీచ్ థెరపిస్టో గుర్రం నడకను తన చికిత్సలో పనిముట్టుగా వాడడం. పిల్లకు స్వారీ రానక్కర్లేదు, కళ్లెం పట్టనక్కర్లేదు. థెరపీ స్వారీ అంటే ప్రత్యేక శిక్షణ ఉన్న స్వారీ గురువు పిల్లల శక్తికి తగ్గట్టు స్వారీయే నేర్పడం. కూర్చోలేని మీ పాపకు ముందు మొదటిది కావాలి. మేనల్లుడికి రెండోది సరిపోవచ్చు. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ 1944లో పోలియో సోకి మోకాళ్ల కింద పట్టు పోయినా, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ (గుర్రం చేత కచ్చితమైన అడుగులు, కదలికలు చేయించే) పోటీలో రజతం గెలిచారు. ఈ విధానానికి లోకంలో గుర్తింపు రావడానికి ఆమె గెలుపు పెద్ద కారణం. కానీ ఆమె జబ్బుకు ముందే ఆరితేరిన రౌతు. ఆవిడను చూపించి పిల్లలకూ అలాగే అవుతుందనడం సరికాదు.

గుర్రం దగ్గరికి వెళ్లేముందు డాక్టరు దగ్గర తేల్చుకోవలసినవి ఉన్నాయి. మీ పాప విషయంలో మొదటిది తుంటి ఎక్స్‌రే. స్పాస్టిక్ పిల్లల్లో తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి మెల్లగా బయటికి జరుగుతుంది, చాలాకాలం నొప్పి కూడా ఉండదు. జరిగిన తుంటితో కాళ్లు ఎడం చేసి కూర్చోబెడితే కీలుకు హాని. పాత ఎక్స్‌రే ఉంటే అది ఎన్ని నెలల కిందటిదో చూసి, కొత్తది కావాలా అని ఆర్థోపెడిక్ డాక్టరునే అడగండి. రెండోది వెన్నెముక. వంకర 30 డిగ్రీలు దాటితే మామూలుగా స్వారీకి తీసుకోరు. అదుపులోకి రాని ఫిట్స్, పెళుసు ఎముకలు, రక్తం గడ్డకట్టని జబ్బు, కూర్చునే చోట పుండు, ఈమధ్యే చేసిన ఆపరేషన్, గుర్రపు వెంట్రుకలకో ఎండుగడ్డి దుమ్ముకో ఉబ్బసం రావడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు రాసివ్వకుండా ఎక్కించకూడదు. డౌన్ సిండ్రోమ్ పిల్లల సంగతి ఇక్కడే చెప్పాలి. వాళ్లలో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, గుర్రం కుదుపుకు వెన్నుపాము నలగవచ్చు. మెడ పరీక్ష ఒకసారి చేయించి వదిలేయకుండా ఏటా చేయించాలి. మధ్యలో ఎప్పుడైనా నడక తడబడినా, మూత్రం అదుపు తప్పినా, తల ఒకవైపు వాల్చినా ఆ రోజే స్వారీ ఆపెయ్యాలి. గుర్రాల పేడలో ధనుర్వాతం క్రిములుంటాయి కాబట్టి టెటనస్ టీకా వేయించి ఉండాలి.

ఇక గుర్రం. పిల్లల్ని మోసే గుర్రం సాధుగా ఉంటే చాలనుకుంటారు. సాధుతనం అవసరమే, కానీ నడక సమంగా లేని సాధు గుర్రం మీ పాపకు వంకర నడకనే ఇస్తుంది. ఒక కాలు కాస్త కుంటినా కదలిక ఒక పక్కకే ఎక్కువ వస్తుంది, పిల్ల ఆ పక్కకే ఒరగడం అలవాటు చేసుకుంటుంది. మీరు వెళ్లినప్పుడు గుర్రాన్ని ఖాళీగా, గట్టినేల మీద నడిపించమని అడిగి వెనక నుంచి చూడండి, దూరంగా నిలబడే. తుంట్లు రెండూ ఒకే ఎత్తుకు లేచి దిగాలి. వయసు ఎనిమిదేళ్లు దాటి, భుజం దగ్గర ఎత్తు 132 నుంచి 142 సెంటీమీటర్లు (గుర్రాలవాళ్ల లెక్కలో 13, 14 చేతులు) ఉంటే, పక్కన నడిచేవాళ్ల చేయి పిల్లకు తేలిగ్గా అందుతుంది. వీపు వెడల్పు ఇంకా ముఖ్యం. తొడలు బిగుసుకుపోయే పాపను వెడల్పాటి గుర్రమెక్కిస్తే, సాగలేని కండరం ఎదురు తిరిగి ఇంకా బిగుస్తుంది, నడుము వెనక్కి పోతుంది. మొదట సన్నటి గుర్రం, కొన్ని వారాల తర్వాత కొంచెం వెడల్పుది. కండరాలు వదులుగా ఉండే పిల్లలకైతే వెడల్పాటి వీపే ఆసరా.

గుర్రం బరువులో 20 శాతాన్ని మించి దానిమీద వేయకూడదని ఈ రంగంలో పాటించే లెక్క. 400 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 80 కిలోలు. కూర్చోలేని పిల్ల వెనక పెద్దవాళ్లు కూర్చుని పట్టుకోవడం చాలాచోట్ల చూస్తారు. మీ పాప 18, పెద్దమనిషి 60, జీను 8 అనుకుంటే 86 కిలోలు అయిపోయింది. పైగా ఆ బరువు గుర్రం నడుము మీద, దానికి బలం తక్కువున్న చోట పడుతుంది. ఇద్దరిలో ఎవరు జారినా రెండోవాళ్లూ జారతారు. పిల్లకు దక్కవలసిన కదలికలో సగం వెనక మనిషి ఒంట్లోకి పోతుంది. ఇది నాకు ఏమాత్రం నచ్చని పద్ధతి. అంత ఆసరా కావలసిన పిల్లకు ముందు నేల మీద థెరపీ చేయించడం మేలు.

సామాను తక్కువే. స్వారీ కోసమే చేసిన హెల్మెట్, సైకిల్‌ది పనికిరాదు. తలకు పెట్టి, పట్టీ బిగించకుండా అటూ ఇటూ కదిపితే నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి, హెల్మెట్ చర్మం మీద జారకూడదు. జీనుకు బదులు దళసరి మెత్త, దానిమీద రెండు పిడులున్న పట్టీ. మొదట్లో రికాబులు (పాదాలు పెట్టే కొండీలు) వద్దు. స్పాస్టిక్ పిల్లల అరికాలి ముందు భాగానికి ఒత్తిడి తగిలితే కాలంతా కర్రలా చాచుకుంటుంది, పిల్ల వెనక్కి విరుచుకుపోతుంది. తర్వాత ఎప్పుడైనా రికాబు పెడితే, పడినప్పుడు పాదం ఇరుక్కోకుండా పక్కకు తెరుచుకునే రకం ఉండాలి. పాప నడుముకు పిడులున్న బెల్టు కట్టవచ్చు, కానీ దాన్ని జీనుకో గుర్రానికో ఎప్పుడూ కట్టకూడదు. గుర్రం పడితే పిల్ల దాని కింద ఉంటుంది. కుట్లు లావుగా లేని సాగే ప్యాంటు తొడగండి.

మనుషులు నలుగురు కావాలి. థెరపిస్టు, పగ్గం పట్టే మనిషి, రెండు పక్కలా నడిచేవాళ్లు ఇద్దరు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. ఇక్కడ రౌతు చిన్నపిల్ల, కాబట్టి గుర్రం పగ్గం పట్టేవాళ్ల మాట వినాలి. ఆ మనిషి గుర్రం తలకూ భుజానికీ మధ్య నడుస్తూ ముందుకు చూడాలి. వెనక్కి తిరిగి పాపను చూస్తూ లాగితే గుర్రం తల ఎత్తేస్తుంది, వీపు బిగుస్తుంది, అడుగు చిన్నదవుతుంది. పగ్గం చేతికి చుట్టుకోకూడదు, మడతలుగా పట్టుకోవాలి.

పక్కన నడిచేవాళ్ల చేయి ఎలా ఉందో దగ్గరగా చూడండి, అక్కడే చాలావరకు బాగవడమో చెడడమో జరుగుతుంది. మోచేతి కింది భాగం పాప తొడ మీద అడ్డంగా ఆనించి, వేళ్లతో మెత్త ముందు అంచు పట్టుకోవాలి. ఆనించడమే, అదమడం కాదు. ఒకరు అదిమి, ఇంకొకరు ఊరికే పట్టుకుంటే పాప అదిమిన వైపుకు వంగుతుంది, మెత్త కూడా ఆ వైపు జారుతుంది. పది నిమిషాలకు చేయి లాగుతుంది. అప్పుడు గుర్రాన్ని ఆపి, ఒకరి తర్వాత ఒకరు పక్కలు మారాలి. ఇద్దరూ ఒకేసారి చేయి తీయకూడదు. ఇద్దరూ కబుర్లు చెప్పకూడదు. పాపకు వినబడవలసింది ఒక్క గొంతే.

ఎక్కించడం, దించడం అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. నేల మీంచి ఎత్తి కూర్చోబెట్టడం పాపకూ గుర్రం వీపుకూ మంచిది కాదు. గుర్రం వీపు ఎత్తుకు వచ్చే ర్యాంపు ఉండాలి. పాపను మొదట అడ్డంగా కూర్చోబెట్టి, కాలును గుర్రం మెడ మీదుగా అవతలికి తిప్పాలి. వెనక నుంచి తిప్పితే తుంటి మరీ సాగి కాళ్లు బిగుస్తాయి. అవతలి పక్కన ఒకరు పీట మీద నిలబడి అందుకోవాలి. కూర్చున్నాక అక్కడే ఆగి కెమెరాకు చూపించడం వద్దు, వెంటనే తిన్నగా ముందుకు నడిపించి ర్యాంపు దాటించాలి.

మొదటిరోజు గుర్రం మీద 10 నిమిషాలు చాలు. వారం వారం పెంచుకుంటూ 20 నుంచి 30 నిమిషాలకు తేవచ్చు, వారానికి ఒకటో రెండో సార్లు. మొదటి మూడు నిమిషాలు ఇసుక నేల మీద, తిన్నటి గీత మీద, పొడుగాటి నిదానమైన అడుగులతో నడిపించాలి. ఆ సమయంలో పాపను ఏమీ అడగకూడదు. మోకాళ్లు కిందికి దిగుతాయి, ముడుచుకున్న పిడికిళ్లు వదులవుతాయి, తొడ మీద ఆనించిన చేతికి బిగువు తగ్గడం తెలుస్తుంది. అప్పుడు అసలు పని మొదలు. గుర్రం ఆగినప్పుడు పాప ముందుకు తూలుతుంది, నిలబడాలంటే వీపు కండరాలు పనిచేయాలి. కదిలినప్పుడు వెనక్కి తూలుతుంది, పొట్ట కండరాలు పనిచేయాలి. ఆరేడు సార్లు ఆపి, కదిలించండి. తూలగానే అందరి చేతులూ పాప భుజాల మీదికి పోతాయి. అది వద్దు. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టండి. ఆ రెండు క్షణాల్లో వెన్ను తనంతట తాను లేస్తే అదే మీరు వచ్చిన పని. లేవకపోతే భుజాలు లాగకుండా, నడుము కింద కటి దగ్గర అరచేయి పెట్టి కొద్దిగా నిలబెట్టాలి.

తర్వాత 20 మీటర్ల వలయం. వలయంలో ఒళ్లు బయటివైపుకు పోతుంది, లోపలివైపు నడుము కండరం పట్టి నిలపాలి. కుడికి ఎన్ని చుట్లో ఎడమకూ అన్నే. పగ్గం ఎడమ పక్క నుంచి పట్టడం అలవాటు కాబట్టి, ఎడమ వలయాలే ఎక్కువ వేస్తారు. లెక్క రాసుకోకపోతే ఇది ఎవరికీ కనబడదు. నడుము కుదిరాక చేతులకు పని ఇవ్వాలి. రింగును కర్రకు తొడగడం, ఎదురుగా ఉన్న జూలును రెండు చేతులతో నిమరడం. చివరి రెండు నిమిషాలు మళ్లీ నిదానం నడక.

బడలిక వస్తే స్పాస్టిక్ పిల్ల వాలిపోదు, బిగుసుకుంటుంది. పాదాల వేళ్లు కిందికి చూడడం, తొడలు గుర్రాన్ని నొక్కడం, గడ్డం పైకి లేవడం, ఊపిరి బిగపట్టడం కనిపిస్తే సమయం మిగిలున్నా దించెయ్యాలి. అలాగే, పాప పిరుదుల వెనక అంచు మీద, వీపు విల్లులా వంచి కూర్చుంటే ఎంతసేపు తిప్పినా లాభం లేదు. తొడ వెనక కండరాలు బిగువుగా ఉండి కటిని వెనక్కి లాగుతున్నాయి. కొంచెం ముందుకు జరపడం, ఇంకా సన్నటి గుర్రం, ముందురోజు ఫిజియోథెరపీలో ఆ కండరాలు సాగదీయడం, వీటితో సర్దుకుంటుంది. కండరాలు వదులుగా ఉన్న పిల్లలకు వరస మార్చాలి. నిదానపు నడక వాళ్లను నిద్రపుచ్చుతుంది. చురుకైన పొట్టి అడుగులు, ఎక్కువసార్లు ఆగడం, మలుపులు వాళ్లను లేపుతాయి.

మేనల్లుడి విషయంలో పని వేరు, అక్కడ కండరం కంటే మాట, ఓపిక, వరస ముఖ్యం. అమెరికాలో 2015లో వచ్చిన ఒక అధ్యయనం 6 నుంచి 16 ఏళ్ల ఆటిజం పిల్లలు 127 మందితో 10 వారాలు చేశారు. ఒక జట్టు స్వారీ చేసింది, రెండో జట్టు నిజం గుర్రం లేకుండా గుర్రాల గురించి నేర్చుకుంది. స్వారీ చేసినవాళ్లలో చిరాకు, అతిచురుకుదనం ఎక్కువ తగ్గాయి, వాడే మాటలు పెరిగాయి. ఆటిజం పోయిందని దాని అర్థం కాదు.

బాబుకు మొదటి అడ్డంకి గుర్రం కాదు, హెల్మెట్. రెండు వారాల ముందే ఇంట్లో మొదలుపెట్టండి. మొదట చేతిలో, తర్వాత తలమీద ఐదు క్షణాలు, తర్వాత పట్టీ బిగించి ఒక నిమిషం, అలా 20 నిమిషాల దాకా. చేయబోయేవి బొమ్మల కార్డుల మీద వరసగా పెట్టండి: హెల్మెట్, బ్రష్, ఎక్కడం, నడక, దిగడం, గుర్రానికి మేత. మేత అరచేతిలో పెట్టనివ్వొద్దు, బకెట్‌లో వేయించండి. చేతుల్లో తిండి అలవాటైన గుర్రం వేళ్లు కొరుకుతుంది. మొదటిరోజు ఎక్కకపోయినా పర్వాలేదు, బ్రష్‌తో భుజం రుద్ది వచ్చినా అది క్లాసే. ఏడుస్తున్న పిల్లవాడిని బలవంతంగా ఎక్కిస్తే ఆ చోటే వాడికి భయమైపోతుంది.

మాట కోసం వాడుకునేది ఆగి ఉన్న గుర్రాన్నే. గుర్రం ఆగింది, బాబుకు కదలాలని ఉంది. గురువు ఒకసారి "నడు" అని చెప్పి, ఊరుకుని, పది క్షణాలు ఆగాలి. ఆ పది క్షణాలు పెద్దవాళ్లకు చాలా పొడుగ్గా అనిపించి, మూడో క్షణానికే మళ్లీ చెప్పేస్తారు. అదే తప్పు. పిల్లవాడు మాట అన్నా, సగం శబ్దం చేసినా, మెడ మీద తట్టినా, కార్డు చూపించినా గుర్రం ఆ క్షణమే కదలాలి. తన గొంతుకు అంత పెద్ద జంతువు కదలడం పిల్లవాడి ఒంటికి తెలుస్తుంది. పగ్గం పట్టినవాళ్లు ఆలస్యం చేస్తే ఆ ముడి పడదు. ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న పిల్లలకు ఇదే తీరులో మూడు పనుల వరస ఇవ్వవచ్చు: ఎర్ర కోన్ దాకా వెళ్లు, ఆపు, రింగు తీసుకో. రెండు మెట్లు కుదిరాకే మూడోది.

గుర్రాన్ని కూడా గమనించండి. చెవులు వెనక్కి అంటించడం, తోక విసరడం, పళ్లు కొరకడం, కడుపు కింద పట్టీ బిగించేటప్పుడు తల తిప్పి కొరకబోవడం, ఇవి విసుగో నొప్పో చెప్పే గుర్తులు. ఒంటి సాయం లేకుండా ఒరిగే పిల్లల్ని మోయడం గుర్రానికి మామూలు స్వారీ కంటే బరువైన పని. వరసగా మూడు గంటలకు మించి పనిచేయించే చోట మీ పాపకు దొరికేది అలసిన నడకే.

దించాక తొడల లోపలివైపు, పిరుదుల చర్మం చూడండి. ఎరుపు 20 నిమిషాల్లో పోకపోతే తర్వాతిసారి మెత్త మార్చాలి, సమయం తగ్గించాలి. మొదలుపెట్టే ముందే ఒక కొలత రాసి పెట్టుకోండి. పాప వీపు ఆనకుండా, పాదాలు నేలకు ఆనించి బల్ల మీద ఎన్ని సెకన్లు కూర్చుంటుందో మూడుసార్లు చూసి, మధ్యది తీసుకోండి. డ్రెస్సు మార్చేటప్పుడు రెండు మోకాళ్ల మధ్య ఎంత ఎడం వస్తుందో టేపుతో కొలవండి. స్వారీ అయిన గంటలో వచ్చే సడలింపును లెక్కలోకి తీసుకోవద్దు, అది సాయంత్రానికి పోతుంది. తర్వాతి స్వారీకి ముందురోజు, ఒకే సమయానికి కొలవండి. 10, 12 వారాల తర్వాత ఆ అంకెలు కదలకపోతే కాగితం థెరపిస్టు ముందు పెట్టి, గుర్రం వెడల్పు, సమయం, చేయించే పనులు ఈ మూడింటిలో ఏది మార్చాలో అడగండి. మార్చి ఇంకో ఆరు వారాలు చూసినా అలాగే ఉంటే, ఆ డబ్బూ ఆ ఓపికా ఫిజియోథెరపీకి పెట్టండి. పాపకు గుర్రమంటే ఇష్టం ఏర్పడి ఉంటే, చికిత్స అనే పేరు తీసేసి, నెలకు రెండుసార్లు ఆ ఇష్టం కోసమే తీసుకెళ్లండి.